రాజుగారి గదులు

జెస్సీ మక్‌ఫెయిల్ ఇంటికి ఉత్తరం పట్టుకెళ్ళే పని మర్డోకి పడింది. పోస్టులో వేస్తే బాగుండదనీ, తెలిసిన మనిషి చేతికిస్తే మర్యాదగా ఉంటుందనీ ఎస్టేట్ ఆఫీసులో అనుకున్నారట. సోమవారం పొద్దున్న ఎస్టేట్ మాంసం కొట్టులో రెండు ఆడదుప్పుల తోళ్ళు ఒలిచి, చేతులు వేణ్ణీళ్ళతో రెండుసార్లు కడుక్కుని, కవరుకి మరక అంటకుండా కోటు లోపలి జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

మర్డో గిల్ఫిలన్ ఆర్కెన్ లోయలో రాజుగారి ఎస్టేట్‌కి వేట మేస్త్రి. రాజుగారూ ఆయన అతిథులూ వేటకి వచ్చినప్పుడు వాళ్ళని కొండమీదికి నడిపించుకెళ్ళి, గాలి ఎటు వీస్తోందో చూసి, దుప్పికి రెండు వందల గజాల దూరంలో తడినేల మీద పడుకోబెట్టి, 'ఇప్పుడు' అని చెవిలో చెప్పడం అతని పని. వాళ్ళు రాని పదకొండు నెలలూ మందలు మితిమీరి పెరగకుండా ఏరి కాల్చడం, కంచెలు చూసుకోవడం. ఇంకో వారం పోతే అది రాజుగారి పని కాదు. లండన్‌లో కొత్త చట్టం వచ్చింది. రాజకుటుంబానికి ఇకమీదట పని చేసుకోవడానికి ఒక భవనం, ఉండటానికి ఒక ఇల్లు. మిగిలిన కోటలూ బంగళాలూ కొండలూ ఎక్కడివక్కడి జనానికే. పట్టాభిషేకాలు కూడా ఉండవట, పార్లమెంటులో నిలబడి ప్రమాణం చేస్తే చాలునట. ఆర్కెన్ లోయని లోయవాళ్ళ సంఘానికి వచ్చే సోమవారం అప్పగిస్తారు.

జెస్సీకి డెబ్బై ఎనిమిదేళ్ళు. భర్త అలెక్ ఎస్టేట్ గుర్రాలు చూసేవాడు, ఏప్రిల్లో పోయాడు. మర్డో తలుపు తోసేసరికి ఆమె బల్లమీద ఓట్స్ పిండి ఒత్తుతోంది.

"రా రా. బూట్లు విప్పక్కర్లేదు, నేల ఇంకా తుడవలేదు."

"ఉత్తరం తెచ్చాను జెస్సీ."

"నువ్వు తెచ్చావంటే ఎవరో చచ్చి ఉండాలి."

చేతుల పిండి దులుపుకుని కవరు చించింది. నిలబడే చదివింది. మళ్ళీ మొదట్నించీ చదివింది. ఇనప పొయ్యి మీద కెటిల్ కూత పెడుతుంటే మర్డో వెళ్ళి దింపాడు.

"బాగా రాశారు," అంది. "మీ సుదీర్ఘ సేవలకు కృతజ్ఞతలు అట. సేవ చేసింది అలెక్. నేను బంగళాలో పక్కలు వేశాను, అంతే."

"ఏమిటి సంగతి?"

"తెలీకుండానే మోసుకొచ్చావా?" ఉత్తరం అతని చేతిలో పెట్టి మళ్ళీ పిండి దగ్గరికి వెళ్ళింది.

ఎస్టేట్ ఇళ్ళలో ప్రస్తుతం ఎస్టేట్ పనిలో లేనివారు ఫిబ్రవరి నెలాఖరుకి ఖాళీ చేయాలి. ఇన్వర్నెస్ పట్నంలో ఆమెకు లిఫ్టున్న గది ఒకటి చూశారు. అప్పగింత ఒప్పందం ఏడో అంశం ప్రకారం. లోయ మొత్తంలో పనిలో లేకుండా ఎస్టేట్ ఇంట్లో ఉంటున్నది ఒక్క జెస్సీయే. అంశంలో పేరు రాయలేదు గానీ ఏడో అంశం అంటే ఆవిడే.

మర్డోకి చెవులు వేడెక్కాయి. "రాజుగారికి ఇది తెలిసుండదు. ఆ ఆఫీసు దొరల పని ఇది."

"తెలిస్తే మాత్రం ఏం చేస్తాడోయ్? వచ్చి నా మంచం మోస్తాడా?"

"నేను వెళ్ళి మేనేజరుతో మాట్లాడతా."

"మాట్లాడు. వెళ్తూ వెళ్తూ ఆ బూడిద బకెట్ బయటపెట్టు."

*

ఎస్టేట్ మేనేజరు హెన్లీ వేట బంగళా నడవాలో నిచ్చెనెక్కి ఉన్నాడు. నడవా రెండు గోడల పొడవునా దుప్పి కొమ్ములు. ఒక్కో జత కింద చెక్క పలక, దానిమీద తేదీ, కొట్టినవారి పేరు. లండన్ వెళ్ళేవాటికి ఎర్ర చీటీ, లోయలో ఉండిపోయేవాటికి ఆకుపచ్చ చీటీ కడుతున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉన్నా లోయవాళ్ళకి అతను ఇంకా ఇంగ్లండువాడే.

"మంచి సమయానికి వచ్చారు మర్డో. ఆ దారపుండ ఇలా అందుకోండి."

మర్డో అందుకోలేదు. "జెస్సీని వెళ్ళగొట్టడం మీకేమైనా బాగుందా, మిస్టర్ హెన్లీ? నలభై నాలుగేళ్ళు ఉందావిడ ఆ ఇంట్లో. పోతూ పోతూ ముసలామెని రోడ్డుమీద పెట్టి పోవాలా మీ రాజుగారు? మంచి పేరే తెచ్చుకుంటున్నారు."

హెన్లీ ఒక్కో మెట్టే దిగి, నిచ్చెన గోడకి వాల్చి, "రండి" అని ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళాడు. బీరువాలోంచి రెండు కాగితాలు తీసి బల్లమీద పక్కపక్కన పెట్టాడు.

"ఇది ఆగస్టులో మేము రాసి పంపిన ఒప్పందం. ఏడోది చదవండి."

ప్రస్తుతం ఇళ్ళలో ఉన్నవారు, పనిలో ఉన్నా లేకపోయినా, బతికి ఉన్నంతకాలం ఆ ఇళ్ళలోనే ఉండవచ్చు.

"ఇది సెప్టెంబరులో మీ సంఘం దిద్ది పంపింది."

దిద్దిన ఏడో అంశం మర్డో ఇందాక జెస్సీ వంటింట్లో చదివిందే. కింద సంఘం ముద్ర, అధ్యక్షురాలు ఉనా బుకన్ సంతకం. హాజరైనవారు నలభై ఒక్కరు. అనుకూలం నలభై ఒక్కరు. వ్యతిరేకం లేదు. వెనక పేజీలో హాజరైనవాళ్ళ సంతకాలున్నాయి. పన్నెండోది అతనిదే. మర్డో సంతకం చేసేటప్పుడు 'ఎమ్' అక్షరానికి రెండు కొమ్ములు పెడతాడు. రెండు కొమ్ములూ స్పష్టంగా ఉన్నాయి.

"మేము ఒకసారి తిప్పి రాశాం కూడా, ఆలోచించుకోండి అని. వద్దన్నారు," అన్నాడు హెన్లీ. గొంతులో వెటకారం లేదు. అదే మర్డోకి కష్టంగా ఉంది.

"మరి ఉత్తరం మీ ఆఫీసునుంచి ఎందుకొచ్చింది?"

"సోమవారం దాకా ఇళ్ళు మావి కదా. అప్పటిదాకా చెడ్డపనులు కూడా మావే."

మర్డో కాగితాలు జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు. నడవాలోకి వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. మధ్యాహ్నం దాకా హెన్లీ పైన చీటీలు కడుతుంటే అతను కింద దారం కత్తిరిస్తూ అందించాడు.

*

"చదవకుండా చెయ్యెత్తావా?" అంది భార్య రీటా.

సాయంత్రం ఆరింటికి బంగాళాదుంపలు, ఉల్లిపాయ వేసి ఉడికించిన దుప్పి మాంసం తింటున్నారు. రీటా బడిలో వంట చేస్తుంది. ఆ సమావేశం రోజు ఆమె చెల్లెలి ఊళ్ళో ఉంది.

"మొత్తం ఇరవై ఆరు అంశాలు. ఉనా పైకి చదువుతుంటే అందరూ ఎత్తుతున్నారు. నేనూ ఎత్తా."

"కొండమీద మూడు మైళ్ళ అవతల దుప్పి చెవి కదిలితే కనపడుతుంది నీకు."

"అది వేరు."

"వేరే," అంది రీటా, ఇంకో బంగాళాదుంప అతని పళ్ళెంలో వేస్తూ. "దుప్పుల విషయంలో నీకు శ్రద్ధ."

మంగళవారం పొద్దున్నే ఉనా కొట్టుకి వెళ్ళాడు. ఊళ్ళో పోస్టాఫీసూ, సరుకుల కొట్టూ, సంఘం కార్యాలయమూ అన్నీ ఆ ఒక్క గదే. ఉనా యాభై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి సర్దుతూనే మాట్లాడుతుంది. ఇప్పుడు రొట్టెలు అరల్లో పేరుస్తోంది.

"నాకు తెలుసు ఎందుకొచ్చావో. రాత్రంతా నాకూ నిద్రలేదు. కానీ ఒక మాట చెప్పు మర్డో, మన బడిలో పిల్లలెందరు?"

"తొమ్మిది."

"ఎనిమిదికి పడితే బడి మూసేస్తామని పైవాళ్ళు రాశారు. షోనాకి ఇద్దరాడపిల్లలు. రెండు చలికాలాలు ఆ కారవాన్ బండిలోనే గడిపింది. పోయిన జనవరిలో పిల్లల దుప్పట్లకి లోపలివైపు మంచు పట్టింది. ఈ వసంతానికి ఇల్లు చూపించకపోతే పట్నం పోతానంది. చిన్న నీల్ కుటుంబమూ అంతే. అంటే నలుగురు పిల్లలు. తొమ్మిదిలోంచి నాలుగు తీసెయ్."

షోనా బడి వ్యాను నడుపుతుంది. ఆమె భర్త సముద్రంలో చమురు బావి మీద పని చేస్తాడు, మూడు వారాలు అక్కడ, మూడు వారాలు ఇక్కడ. ఆ కారవాన్ మర్డోకి రోజూ కనపడేదే. గాలికి ఎగిరిపోకుండా దానికి కట్టిన తాళ్ళు అతను ఇచ్చినవే.

"జెస్సీ ఇంట్లో మూడు పడగ్గదులు," అంది ఉనా. "ఒక్కతే మనిషి. నేను రాక్షసిని కాదు మర్డో. లెక్క ఎటు తిప్పినా అక్కడికే వస్తోంది."

"పడుచువాళ్ళ కోసమని నాతో చెప్పి ఉండాల్సింది."

"సభలో చెప్పాను. ముప్పావుగంట చెప్పాను. నువ్వు ముందు వరసలో కూచుని బూటుకంటిన మట్టి గీక్కుంటున్నావు."

మర్డో అవసరం లేకపోయినా ఒక అగ్గిపెట్టె కొనుక్కుని బయటికొచ్చాడు.

*

బుధవారం జెస్సీ దగ్గరికి వెళ్ళక తప్పలేదు. ఆమె పింగాణీ సామాను పాత పేపర్లలో చుట్టి పెట్టెలో పెడుతోంది. అప్పుడే సగం పైగా అయిపోయింది. మర్డో టోపీ తీసి కూచున్నాడు, చెప్పాల్సింది వరసగా చెప్పేశాడు. ఆగస్టు కాగితం, సెప్టెంబరు కాగితం, నలభై ఒక్క చేతులు.

"నువ్వూ ఎత్తావా?"

"ఎత్తాను."

జెస్సీ ఒక కప్పు కాగితంలో చుట్టి, పిడి విరక్కుండా ఇంకో కాగితం కుక్కి, పెట్టెలో పెట్టింది. "షోనా పిల్లలకేనా నా ఇల్లు?"

"వాళ్ళకే. నీల్ వాళ్ళకి ఇంకా దొరకలేదు."

"చిన్నది చాలా దగ్గుతోంది. ఆదివారం చూశాను." ఇంకో కప్పు తీసుకుంది. "నేను పోవడానికి పెద్దగా బాధ లేదు మర్డో. అలెక్ లేనిచోట ఏ గది అయితే ఏముంది. కానీ నాకొకటి అర్థం కాలేదు. బంగళాలో పడగ్గదులెన్ని?"

"పద్నాలుగు. పనివాళ్ళ వైపుకూడా కలిపితే ఇరవై మూడు. కానీ అటువైపు గొట్టాలు పగిలిపోయాయి, కప్పు కారుతోంది. అక్కడెవరూ ఉండలేరు."

"మిగతా పద్నాలుగు?"

"అవి బాగానే ఉన్నాయి. కింద చెరువు వైపున్న ఆరూ అయితే వెచ్చగా ఉంటాయి, కొత్తగా వేడినీళ్ళ గొట్టాలు వేశారు. అవి..." అని ఆగాడు.

"అవి?"

"రాజుగారి గదులు."

"సోమవారం నుంచి ఎవరివి?"

మర్డోకి నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. అతని నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"నేను ఇరవై ఏళ్ళు ఆ గదుల్లో పక్కలు వేశాను," అంది జెస్సీ. "ఏడాదికి మూడు వారాలు పడుకుంటారు. మిగతా రోజులు ఆ పరుపుల్ని ఎండబెట్టి, తిరగేసి, మళ్ళీ గుడ్డ కప్పుతాం. పోనీ అప్పుడు వాళ్ళవి. ఇప్పుడు మీవి అన్నారు కదా. నలభై ఒక్కమంది కూచుని ఇళ్ళెక్కడ ఉన్నాయా అని వెతికితే మీకు నా ఇల్లొక్కటే కనపడిందా?"

ఏ సభలోనూ, ఏ కాగితంలోనూ ఆ మాట రాలేదు. బంగళా గురించి వచ్చిన మాటల్లా, చూడ్డానికి వచ్చేవాళ్ళ దగ్గర టికెట్టు పెట్టాలా, హాల్లో టీ కొట్టు పెట్టాలా అన్నదే. అక్కడ మనుషులు కాపురముండొచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మర్డోకీ రాలేదు. ఇప్పుడొచ్చాక కూడా, ఆ గదుల్లో షోనా పిల్లల తడిబట్టలు ఆరేసినట్టు ఊహించుకుంటే చనిపోయినవాళ్ళ బట్టలు వేసుకున్నట్టు అనిపించింది.

"నువ్వు చెప్పు సభలో," అన్నాడు.

"నేను సభ్యురాలిని కాదు. ఇల్లు అలెక్ పేరున ఉంది, సభ్యత్వమూ అతని పేరునే ఉండేది. నువ్వే చెప్పు. చెయ్యెత్తింది నువ్వేగా."

*

ప్రత్యేక సమావేశం పెట్టాలంటే పదిమంది సభ్యుల సంతకాలు కావాలి. మర్డో గురువారం పొద్దున హెన్లీ దగ్గరికి వెళ్ళి, చట్టంలో గదుల గురించి ఏమైనా ఉందా అని అడిగాడు. హెన్లీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏమీ లేదు. హాలు, నడవా, మేడమీది పెద్ద గది చూపించడానికి ఉంచమన్నారు. మిగతాది మీ ఇష్టం. ఎవరైనా అడుగుతారేమో అనుకున్నాను."

"మీరే చెప్పొచ్చు కదా?"

"ఇంకా మేమే చెప్పాలా, మర్డో?"

ఆ రోజూ మర్నాడూ మర్డో ఇల్లిల్లూ తిరిగాడు. కొండమీద కంటే కష్టమైన నడక. కొందరు వెంటనే పెట్టారు. కొందరు టీ ఇచ్చి, వాతావరణం మాట్లాడి, పెన్ను ముట్టుకోకుండా పంపేశారు. నీల్ తల్లి "రాజుగారి పక్కమీద మావాడా? పాపం తగుల్తుంది" అని భయపడింది, తర్వాత తలుపు దాకా వచ్చి సంతకం పెట్టింది. ఉనా కాగితం చదివి, పెదవి కొరుక్కుని, "నాకెందుకు తట్టలేదిది?" అంది. అధ్యక్షురాలు కాబట్టి తను సంతకం పెట్టకూడదంది గానీ శనివారానికి బడి హాలు తాళం తీసిపెడతానంది. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి తొమ్మిది సంతకాలయ్యాయి.

పదోది శాండీ రాస్ పెడతాడని మర్డోకి నమ్మకం. లోయలో రాజులంటే పడనివాడు శాండీ ఒక్కడే. చట్టం వచ్చిన రోజు సారాకొట్లో అందరికీ తన ఖర్చుతో పోయించాడు. "ఇంకో ఇరవై ఏళ్ళకి రాజుగారు మనలాగే బస్సుకోసం నిలబడతాడు చూడండి" అని అతనంటే, "నిలబడనీ, వరసలో నిలబడటం అలవాటవుతుంది" అని ఎవరో అన్నారు, కొట్టు కొట్టంతా నవ్వింది. శాండీ బతుకంతా రాజుగారి నదిలో చేపలు దొంగతనంగా పట్టాడు. మర్డో బతుకులో సగం అతన్ని పట్టుకోవడంలో పోయింది.

శాండీ పడవకి రంగేస్తున్నాడు. కాగితం చదివి, బ్రష్షు డబ్బా మీద అడ్డంగా పెట్టాడు.

"ఇది పెట్టను."

"ఎందుకురా?"

"వచ్చే వేసవినుంచి ఈ పడవ మీద జనాన్ని తిప్పుతా. చెరువులోంచి బంగళా చూపించి, అదిగో ఆ కిటికీ, రాజుగారు పడుకునే గది అని చెప్తా. ఒడ్డుకి దింపి లోపల చూపిస్తా. మంచం, దుప్పటి, చెప్పులు, అన్నీ ఎక్కడివక్కడ ఉండాలి. అక్కడ షోనా పిల్లల చెడ్డీలు ఆరేసుంటే ఎవడొస్తాడు?"

"నీకు రాజులంటే పడదు కదరా!"

"రాజులంటే పడదు. రాజుల మంచం చూడ్డానికొచ్చేవాళ్ళంటే నాకేం కోపం?"

మర్డో కాగితం మడిచాడు. "సెప్టెంబరు సభకి నువ్వు రాలేదు. నువ్వొక్కడివన్నా వచ్చుంటే అడ్డం చెప్పేవాడివనుకున్నా."

"నది దగ్గరున్నా ఆ రోజు."

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?" శాండీ కళ్ళు చిట్లించాడు. "ముసలితనం వచ్చేసింది నీకు."

పదో సంతకం రీటాది. ఇంటికొచ్చాక, కడిగిన గిన్నెలు తుడుస్తున్న చేతుల్తోనే పెట్టింది. "నన్ను అడగలేదేం ఇంతదాకా?" అంది. ఆమె సభ్యురాలన్న సంగతే అతనికి తట్టలేదు.

*

శనివారం మధ్యాహ్నం రెండింటికి బడి హాలు నిండింది. పెద్ద కుర్చీలు చాలక వెనకవాళ్ళు పిల్లల కుర్చీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూచున్నారు. జెస్సీ కూడా వచ్చింది, ఓటు లేకపోయినా. గోడవారగా కోటు విప్పకుండా కూచుంది.

మర్డో లేచి నిలబడ్డాడు. కాగితం మీద రాసుకొచ్చాడు గానీ చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేను చదవకుండా చెయ్యెత్తాను," అన్నాడు. "మీలో ఎంతమంది చదివారో నేనడగను. నలభై ఏళ్ళు ఎవరో పైనుంచి ఏది పెడితే దానికి సరే అనడం అలవాటైపోయింది నాకు. ఇదీ అలాగే పైనుంచి వచ్చిందనుకున్నా. తీరా వెళ్ళి చూస్తే పైన ఎవరూ లేరు. మనమే ఉన్నాం."

ఎవరో దగ్గారు.

"పిల్లలకి ఇల్లు కావాలి. ఉనా చెప్పింది నిజమే. జెస్సీ ఉండాలి. అదీ నిజమే. కింద చెరువు వైపు ఆరు గదులున్నాయి, వంటగది పక్కనే ఉంది, మధ్యలో తలుపేస్తే రెండు కాపురాలు పడతాయి. నాకూ మొదట వినడానికి ఎలాగో ఉంది. ఇప్పటికీ ఎలాగో ఉంది. అయినా అడుగుతున్నా."

శాండీ లేచాడు. అందంగా మాట్లాడగలడు వాడు. ఆ గదులు చరిత్ర అన్నాడు. నాలుగు తరాల రాజులు పడుకున్న చోటన్నాడు. ఉన్నదున్నట్టు కాపాడాలన్నాడు. మనకి భక్తి లేకపోయినా చూడవచ్చేవాళ్ళకి ఉంటుందన్నాడు. మామూలు రోజుల్లో అతన్ని తిట్టే ముసలివాళ్ళు కొందరు తలూపారు.

"శాండీ, ఆ పరుపు సంగతి నన్నడుగు," అంది జెస్సీ గోడదగ్గర్నించి. సభ్యురాలు కాదని ఎవరూ ఆపలేదు. "నాలుగు తరాలు కాదు. మూడేళ్ళ క్రితం ఎలకలు కొట్టేస్తే కొత్తది తెప్పించాం, పట్నంనుంచి. తక్కువ ధరకి వచ్చిందని హెన్లీగారు సంతోషపడ్డారు. మీ ఇంట్లో పరుపు కంటే గట్టిది. రాజుగారికి నడుంనొప్పి, అందుకని."

హాలంతా ఘొల్లుమంది. శాండీ కూడా ఆపుకోలేకపోయాడు.

నవ్వు సద్దుమణిగాక వెనకవైపు షోనా నిలబడింది. "నేనేం అడగలేదు," అంది. మొహం ఎర్రబడింది. "జెస్సీ ఇల్లూ అడగలేదు, రాజుగారి ఇల్లూ అడగలేదు. జెస్సీని ఖాళీ చేయించి ఇస్తే మాత్రం నేను చేరను. అది చెప్పడానికే వచ్చా." కూచుంది. పిల్లల కుర్చీ కిర్రుమంది.

చేతులు లెక్కపెట్టారు. అనుకూలం ముప్పై రెండు. వ్యతిరేకం పందొమ్మిది. ఉనా రెండుసార్లు లెక్కపెట్టింది. మర్డో తన చెయ్యి ఎత్తేముందు తీర్మానం కాగితం తెచ్చుకుని, మొదట్నించి చివరిదాకా, పెదవులు కదుపుతూ చదివాడు. అందరూ ఓపిగ్గా ఆగారు.

సోమవారం అప్పగింతకి లండన్‌నుంచి ఒక కార్యదర్శి వచ్చాడు. గాలివాన మూలంగా బయట పెట్టాలనుకున్న సభ బంగళా హాల్లోనే జరిగింది. హెన్లీ ఏడో అంశం మీద అడ్డంగా గీత గీసి, ఆగస్టులో రాసిన వాక్యాన్నే మళ్ళీ చేత్తో రాశాడు. పక్కన ఇద్దరు సంతకాలు చేశారు. కార్యదర్శి రాజుగారి తరఫున నాలుగు మాటలు చదివాడు. మంచి మాటలే. మర్డో కిటికీ వైపు తిరిగాడు. తర్వాత అందరూ టీ తాగారు.

సాయంత్రం కబురు చెప్పడానికి వెళ్తే జెస్సీ పెట్టె ముందు కూచుని ఉంది. "ఇవన్నీ మళ్ళీ విప్పాలి ఇప్పుడు," అంది. "రెండు నెలల ముందు ఆలోచించి ఉంటే నాకీ చాకిరీ తప్పేది." అతను ఆమె పక్కన కూచుని ఒక్కో కప్పు మీదున్న కాగితం విప్పాడు. పెట్టె సగం ఖాళీ అయ్యాక, వంచిన తల ఎత్తకుండానే, "సంఘంలో చేరాలంటే ఎవరి దగ్గర రాయించుకోవాలి?" అని అడిగింది.

*

మంగళవారం షోనా సామాను వ్యానులో వచ్చింది. పిల్లల మంచాలు, బట్టల సంచులు, వంట గిన్నెలు అన్నీ వంటగది వైపు తలుపులోంచి పోయాయి. బట్టలుతికే యంత్రం పోలేదు. అది షోనా అత్తగారిది, పాతకాలంది, ఇప్పటివాటికంటే లావు. మర్డో టేపు పెట్టి తలుపు కొలిచాడు. యంత్రాన్ని కొలిచాడు. అంగుళంన్నర తేడా. తలుపు ఊడదీసి చూశాడు. అయినా పట్టలేదు. సన్నగా వాన మొదలైంది.

"ఇంకో దారి లేదా?" అంది షోనా.

ఉంది. బంగళా ముందువైపు, ఐదు రాతి మెట్ల పైన, రెండు రెక్కల టేకు తలుపు. నలభై ఏళ్ళలో మర్డో ఆ తలుపులోంచి ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు. దుప్పిని కొట్టిన రోజున అతిథి దొరలు ఆ మెట్లెక్కి వెళ్ళేవారు, అతను టోపీ తీసి కిందనే నిలబడి, వాళ్ళు లోపలికి వెళ్ళాక గుర్రాన్ని పక్కదారిన తిప్పుకుపోయేవాడు. అప్పగింత రోజున కూడా కాళ్ళు వాటంతటవే వంటగది వైపుకే తీసుకెళ్ళాయి.

"ఉంది," అన్నాడు.

లోపల్నించి తాళం తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచి వచ్చాడు. షోనా ఒకవైపు, అతనొకవైపు పట్టుకున్నారు. "నేను వెనక్కి నడుస్తా, మీరు దారి చెప్పండి," అంది. ఒక్కో మెట్టు ఎక్కి ఆగుతూ, ఊపిరి తీసుకుంటూ ఎక్కారు. ఐదో మెట్టు మీద, గడప ముందు, మర్డో చెయ్యి అలవాటుగా టోపీ వైపు లేవబోయింది.

"ఏయ్, వదలకండి! కాలిమీద పడుతుంది!"

అతను వదల్లేదు. రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుని, వానకి తడిసిన టోపీ తలమీద అలాగే ఉండగా, "కొంచెం ఎడమకి," అన్నాడు. "ఇంకొంచెం. చాలు, ఇప్పుడు లోపలికి."